సమదృష్టి

డాక్టర్ కాత్యాయని చేతికున్న ఒడుపు ఒక్కరోజులో పోలేదు. ఆవిడకు మాత్రమే తెలిసేటట్టుగా, కొంచెం కొంచెం జారుతూ వచ్చింది.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ కంటి ఆసుపత్రిలో రెటీనా ఆపరేషనంటే కాత్యాయనే చేయాలి. శ్రీకాకుళం నుంచీ, ఒడిశా నుంచీ కూడా ఆవిడ పేరు చెప్పుకొని వచ్చేవాళ్లు. యాభై దాటాక ఆవిడ ఒక సంగతి గమనించింది. మైక్రోస్కోపులో చూస్తున్నప్పుడు ఎడమ పక్క నుంచి వచ్చే సూది మొన తనకు లిప్తపాటు ఆలస్యంగా కనబడుతోంది. కంటి వెనకపొర మీద పని చేసేవాళ్లకు లిప్తపాటు కూడా ఎక్కువే. ఆ మాట ఆవిడ ఎవరికీ చెప్పలేదు, చెల్లెలికి తప్ప.

చెల్లెలు సువర్చల అదే ఆసుపత్రి పై అంతస్తులో చూపు మీద పరిశోధన చేసేది. అక్కకన్నా పన్నెండేళ్లు చిన్న. తల్లి పోయినప్పుడు జడలు వేసి, అన్నం కలిపి పెట్టి పెంచింది కాత్యాయనే. సువర్చల పెళ్లి చేసుకోలేదు. బావ ఓడల మీద ఇంజనీరు, ఏడాదిలో సగం నీళ్ల మీదే. అందుకని అక్కా, అక్క అత్తగారూ, తనూ ఒకే ఇంట్లో ఉంటున్నారు.

"నీ కళ్లకేం కాలేదక్కా," అంది సువర్చల పరీక్షలన్నీ చేశాక. "అందరికీ చూపు ఒక పక్క చురుగ్గా, ఒక పక్క కాస్త మందంగా ఉంటుంది. అది కన్ను చేసే పని కాదు, మెదడు చేసే పని. వయసుతో ఆ తేడా ఇంకొంచెం పెరుగుతుంది. అంతే."

"అంతేనా? నా చేతికింద పడుకున్నవాడి కన్ను పోడానికి ఆ 'అంతే' చాలదుటే?"

"సాధన చేయిస్తే పోతుంది. రా, కూర్చో."

సువర్చల అప్పటికి ఆరేళ్లుగా తయారు చేస్తున్నది ఒక తలటోపీ. చూడ్డానికి మోటారు సైకిలు హెల్మెట్ లాగే ఉంటుంది. దాని లోపలి తెరమీద మధ్యలో ఒక నక్షత్రం వెలుగుతుంది. చూపు దాని మీదే నిలపాలి. అటో ఇటో ఒక చుక్క తళుక్కుమని ఆరిపోతుంది. కనబడగానే చేతిలో ఉన్న మీట నొక్కాలి. మందంగా ఉన్న పక్క చుక్క కనిపెట్టిన ప్రతిసారీ టోపీ మెదడులో ఆ చోటుకు చీమ కుట్టినంత కరెంటు పంపి, ఆ నేర్పును అక్కడే గట్టిపరుస్తుంది. మామూలుగా ఏళ్లు పట్టే సాధన వారాల్లో పూర్తవుతుంది.

రోజూ సాయంత్రం ఓపీ అయ్యాక కాత్యాయని మెట్లెక్కి పైకి వచ్చి టోపీ పెట్టుకునేది. మొదట్లో ఎడమవైపు చుక్కలు సగం జారిపోయేవి. తర్వాత నాలుగింట ఒకటి. రెండో నెలలో ఒకరోజు సువర్చల తెరమీద కుడి చూపు గీతా, ఎడమ చూపు గీతా ఒకదాని మీద ఒకటి పడి, ఒకే గీతయిపోయాయి. ఇలాంటిది ఆమె ఇదివరకు ఎవరిలోనూ చూడలేదు.

కాత్యాయని టోపీ తీసి గది నాలుగు మూలలా చూసింది.

"ఒసేయ్, గది పెద్దదయిందే!"

"అంటే?"

"ఎలా చెప్పను... ఇన్నాళ్లూ వాలుగా ఉన్న నేల మీద నిలబడ్డట్టూ, ఇవాళ ఎవరో దాన్ని చదును చేసినట్టూ ఉంది." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్నప్పటినుంచీ అక్క కంట నీరు చూసిన జ్ఞాపకం సువర్చలకు లేదు. ఆ రాత్రి ఆమెకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

ఆ తర్వాతి మూడు నెలలూ కాత్యాయని చేసిన ఆపరేషన్లు చూడ్డానికి కుర్ర డాక్టర్లు గాజు తలుపు అవతల గుమిగూడేవాళ్లు. ఆసుపత్రి ఛైర్మన్ కోదండపాణి ఆ పద్ధతికి 'సమదృష్టి' అని తనే పేరు పెట్టాడు. అంతటితో ఆగలేదు. అరకుకు బస్సులు నడిపే ఒక టూరిస్టు కంపెనీతో మాట్లాడాడు. డ్రైవరు కూర్చునేది కుడివైపు. ఎడమ పక్కనుంచి దూరివచ్చే ఆటోలూ బైకులూ కనబడకే బస్సులకు గీతలన్నీ పడేది. కంపెనీ ముందుగా పన్నెండుమంది డ్రైవర్లను పంపింది. వాళ్లు కూడా టోపీలు పెట్టుకున్నారు. బస్సులకు కొత్త గీతలు పడడం ఆగిపోయింది.

శ్రావణమాసంలో ఒక శుక్రవారం కాత్యాయని ఇంట్లో పేరంటం జరిగింది. వరసగా కూర్చున్న ముత్తైదువులకు పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం ఇస్తూ వచ్చిందావిడ. మూడో ఆవిడ, ఎదురింటి వకీలుగారి భార్య, చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. గదిలో మాటలాగిపోయాయి. తాంబూలం కాత్యాయని ఎడమచేతిలో ఉంది.

"అదేమిటమ్మాయ్, ఆ చెయ్యేమిటి?" అంది అత్తగారు రాజ్యలక్ష్మమ్మ.

"ఏ చెయ్యి?" అంది కాత్యాయని.

అందరూ నవ్వేశారు. పొద్దుటినుంచీ ఆసుపత్రిలో నిలబడి వచ్చింది పాపం, అలసిపోయిందన్నారు. వకీలుగారి భార్య కూడా నవ్వి తాంబూలం తీసుకుంది. కాని 'ఏ చెయ్యి' అని అడిగినప్పుడు అక్క ముఖంలో సిగ్గు లేదు, తడబాటు లేదు. నిజంగానే ఆవిడకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అది చూసింది సువర్చల ఒక్కతే.

మర్నాడు వంటింట్లో రాజ్యలక్ష్మమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "నువ్వేమీ అనుకోకపోతే ఒకమాట. మీ అక్క నిన్న చీర కట్టుకొని వచ్చింది. పైట కుడి భుజం మీదుంది. నేనే విప్పి మళ్లీ వేశాను. మొన్న అన్నం ఎడంచేత్తో కలుపుతోంది. నా కళ్లే మసకలేమో అనుకున్నాను. కాదే తల్లీ. ఏదో అయింది దానికి."

ఆ సోమవారం ఇద్దరూ కలిసి కారులో ఆసుపత్రికి వెళ్తున్నారు. కాత్యాయని నడుపుతోంది. ఎదురుగా వస్తున్న అంబులెన్సును చూసి, "ఇంత పొద్దున్నే ఎవరికేమయిందో!" అందావిడ. దాని నుదుట అక్షరాలు తిరగేసి రాసి ఉన్నాయి, ముందు బండి అద్దంలో తిన్నగా కనబడేందుకు. సువర్చల వాటిని చూసి, అక్కను అడిగింది.

"అక్కా, ఆ బండి మీద ఏం రాసుంది?"

"అంబులెన్సని. ఏం, నీకు కనబళ్లేదా?"

"అక్షరాలు ఎలా ఉన్నాయి?"

"ఎలా ఉండడమేమిటి? అక్షరాల్లాగే ఉన్నాయి."

కూడలి దగ్గర కాత్యాయని క్షణం ఆగింది. ముందు వెళ్తున్న ఆటో మలుపు తిరగ్గానే దాని వెనకే తనూ తిప్పింది. రోజూ వెళ్లే దారిలో ఆవిడ ఇంకొకరి వెనక పడి వెళ్తోందని సువర్చలకు అప్పుడు తోచింది.

ఆ సాయంత్రం ప్రయోగశాల తలుపు మూసి, రెండు అట్టలు బల్లమీద పెట్టింది. ఒకదాని మీద 'ఈ' అని సరిగ్గా రాసి ఉంది. రెండోదాని మీద అదే అక్షరం అద్దంలో కనబడినట్టు తిరగబడి ఉంది.

"వీటిలో ఏది సరైనది?"

కాత్యాయని రెండూ చేతిలోకి తీసుకొని చూసింది. ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. "ఇదేం పరీక్షే? రెండూ ఒకటేగా."

"నీ కుడిచెయ్యి చూపించు."

కాత్యాయని ఎడమచెయ్యి ఎత్తబోయి, చెల్లెలి ముఖం చూసి దించేసి, రెండో చెయ్యి ఎత్తింది. ఆ తర్వాత దాన్ని కూడా దించేసింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని, ఎవరివో పరాయివాళ్లవి చూసినట్టు చాలాసేపు చూసింది.

"సువర్చలా, కవలపిల్లల్ని తల్లి ఎలా గుర్తుపడుతుంది?"

"ఏదో తేడా ఉంటుంది కదక్కా."

"ఆఁ. ఒకదానికి బుగ్గమీద పుట్టుమచ్చ ఉంటుంది. చూసేవాళ్లకది లోపమే. తల్లికి అదే ఆనవాలు." కాత్యాయని గొంతు మామూలుగానే ఉంది. "నాకు ఒక పక్క చూపు కుంటుతుండేది. పుట్టినప్పట్నించీ ఆ కుంటి పక్కనే నా మెదడు ఎడమ అనుకుంటూ వచ్చింది. నువ్వా మచ్చ చెరిపేశావే."

సువర్చల రెండు అట్టలూ బోర్లా తిప్పి బల్లమీద పెట్టింది. "రేపు ఆపరేషన్లు మానెయ్యక్కా," అంది.

"రేపు నూకాలమ్మది ఉంది. ఆవిడకి ఇంకో వారం ఆగితే ఆ కన్ను దక్కదు. నా చెయ్యి చూశావుగా, ఎంత నిదానంగా ఉందో. చేసే పనికేం భయం లేదు. ఏ కన్నో ఫైల్లో రాసే ఉంటుంది, కంటి పైన గుర్తు పెట్టే ఉంటుంది."

"గుర్తు పెట్టేదెవరు?"

"నర్సులు చూసుకుంటార్లే," అంది కాత్యాయని లేస్తూ.

సువర్చల ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉండవలసింది. ఛైర్మన్‌కి ఆ క్షణమే ఫోను చేసి ఉండవలసింది. చేతిలోకి ఫోను తీసుకుంది కూడా. ఆరేళ్ల పని, ఆ ఒకే గీత, కళ్లనీళ్లతో నవ్విన అక్క ముఖం, ఇవన్నీ అడ్డొచ్చాయి. రేపు మాట్లాడదామనుకుంది.

నూకాలమ్మ భీమిలి దగ్గర చేపలమ్ముకొనే మనిషి. కుడికన్ను వెనకపొర ఊడింది. ఎడమకన్ను నిక్షేపంలా ఉంది. పొద్దున వార్డులో ఆవిడ నుదుట, కోయవలసిన కంటికి పైన, నల్లసిరాతో గుర్తు పెట్టడం ఆ ఆసుపత్రి పద్ధతి ప్రకారం ఆపరేషను చేసే డాక్టరు పనే. కాత్యాయని ఫైలు చదివింది. 'కుడి' అన్న మాట చదివింది. ఎదురుగా పడుకున్న మనిషిని చూసింది. గుర్తు పెట్టింది. ఆ తర్వాత అందరూ ఆ గుర్తునే నమ్మారు. నూకాలమ్మకు మత్తిచ్చి, ముఖమంతా గుడ్డ కప్పి, గుర్తున్న కన్ను మాత్రం బయట ఉంచారు.

కోత పెట్టి, లోపలికి సన్నదీపం పంపి, కాత్యాయని మైక్రోస్కోపులోంచి చూసింది. వెనకపొర ఎక్కడా ఊడలేదు. తామరాకులా నున్నగా, ఆరోగ్యంగా ఉంది. అది చూసి ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. పరికరాలు ఒక్కొక్కటే బయటికి తీసి, చేసిన కోతలు మూసి, గ్లౌజులు విప్పి, "డాక్టర్ శాంభవిని పిలవండి. రెండో కన్ను ఆవిడ చేస్తుంది," అని బయటికొచ్చేసింది. ఆ గాజు తలుపులోంచి ఆవిడ మళ్లీ లోపలికి అడుగు పెట్టలేదు.

శాంభవి ఊడిన పొరను అతికించగలిగింది కాని, ఆ కంటికి వచ్చిన చూపు కొంచెమే. కోత పడిన మంచి కంట్లోకి వారం తిరక్కుండా చీము చేరింది. ఎంత వైద్యం చేసినా అందులో మిగిలింది వెలుతురూ చీకటీ తెలిసేంత చూపు.

అక్కాచెల్లెళ్లిద్దరూ వార్డుకు వెళ్లారు. కాత్యాయని మంచం పక్కన నిలబడి, దాచకుండా జరిగింది చెప్పింది. నూకాలమ్మ తలకు కట్టిన కట్టును తడుముకుంటూ వింది.

"నానూ అనుకున్నానమ్మా," అంది చివరికి. "నువ్వు బొట్టెట్టినట్టు సిరా ఎడతంటే, ఈ కన్ను కాదు గదా అనుకున్నాను. పెద్ద డాక్టరమ్మవి. నీకు తెల్దా, నాకు తెలస్తాదా అని ఊరుకుండిపోనాను."

కాత్యాయని ఆవిడ పాదాల దగ్గర కూర్చుండిపోయింది.

ఛైర్మన్ కోదండపాణి గదిలో ఏసీ చల్లగా ఉంది. అంతా విని ఆయన పెదవి విరిచాడు.

"పెద్ద డాక్టర్లకు కూడా పొరపాట్లు జరుగుతాయమ్మా. అలిసిపోయారు. సెలవు పెట్టండి. ఆ పేషెంటును మనం చూసుకుందాం. అంతేగాని, దీన్ని తీసుకెళ్లి సమదృష్టికి ముడిపెట్టకండి. డ్రైవర్లని చూడండి. ఒక్క ఫిర్యాదు లేదు."

"వాళ్లకి కూడా ఇదే జరుగుతుంది సార్," అంది సువర్చల. "అక్క వాళ్లకన్నా ముందు మొదలెట్టింది. ఆవిడకు ఐదో నెలలో బయటపడింది. వాళ్లకిప్పుడు నాలుగో నెల. ఈపాటికే మొదలై ఉండొచ్చు."

"రాసివ్వండి. కమిటీలో పెడతాను. వచ్చే నెల."

బయటికొచ్చాక కాత్యాయని కారు తాళాలు చెల్లెలి చేతిలో పెట్టింది. "వచ్చేనెల దాకా ఆగుతారా ఆ బస్సుల్లో జనం? పద, వాళ్ల షెడ్డుకి పోదాం."

దారిలో అడిగింది, "నీ టోపీ మళ్లీ ఒక పక్కని మందం చెయ్యగలదా?"

"చెయ్యొచ్చు. కాని మెదడు ఈసారి ఆ పక్కని కుడి అనుకుంటుందో ఎడమ అనుకుంటుందో నాకు తెలీదు. తలకిందులైతే ఇంకా ప్రమాదమక్కా. ఇప్పుడు నీకు తెలియదన్న సంగతి నీకు తెలుసు. అప్పుడది కూడా తెలీదు."

కాత్యాయని ముందు అద్దంలోంచి బయటికి చూసింది. రోడ్డుకు రెండు వైపులా దుకాణాలు ఆవిడ కళ్లకు సరిసమానంగా జారిపోతున్నాయి.

షెడ్డులో మధ్యాహ్నం భోజనాల వేళ. మేనేజరును బతిమాలి సువర్చల డ్రైవర్లను విశ్రాంతి గదిలోకి పిలిపించింది. డాక్టరమ్మలు వచ్చారని అందరూ కడిగిన ముఖాలతో వచ్చి బల్లల మీద కూర్చున్నారు. వాళ్లలో పెద్దవాడు గవర్రాజు దండం పెట్టి, "బాగున్నారా అమ్మా? మీ దయవల్ల కళ్లు నిప్పుల్లాగున్నాయి," అన్నాడు.

కాత్యాయని ముందుకొచ్చి నిలబడింది. "అందరూ కుడిచెయ్యి ఎత్తండి నాయనా."

నవ్వుతూ చేతులెత్తారు. ఎత్తాక పక్కవాళ్లని చూసుకున్నారు. సగం చేతులు ఇటున్నాయి, సగం అటున్నాయి. ఒకరిని చూసి ఒకరు మార్చుకున్నారు. అయినా కలవలేదు. మళ్లీ మార్చుకున్నారు. నవ్వులు ఆగిపోయాయి.

"నాకు తెలుసమ్మా," అన్నాడు గవర్రాజు కంగారుగా. "వాచీ ఉన్నది ఎడమ. ఇదిగో, ఇది కుడి."

"వాచీ విప్పి జేబులో పెట్టి, రెండు చేతులూ వెనక్కి పెట్టు. ఇప్పుడు ఎత్తు."

గవర్రాజు చేతులు వీపు వెనకే ఉండిపోయాయి. వెనక బల్ల మీదినుంచి ఎవరో, చాలా రోజులుగా నోట్లోనే ఉన్న మాట కక్కేసినట్టు అన్నాడు. "ముందు బండి ఎటెల్తే అటెల్తన్నామమ్మా. ఒకలికొకలం సెప్పుకోలేదు. నాకొక్కడికే అనుకున్నాను."

"నాకూ అంతే," అన్నాడింకొకడు.

సువర్చల వాళ్లని లెక్కపెట్టింది. పదకొండుమంది ఉన్నారు.

"ఇంకొకరేరి?"

"సిన్నంనాయుడమ్మా. అరకు ట్రిప్పు మీదున్నాడు. ఈపాటికి ఘాట్ దిగుతుంటాడు."

గవర్రాజు ఫోను కలిపి, అందరికీ వినబడేలా బల్లమీద పెట్టాడు. అవతల ఇంజను హోరు, పిల్లల పాటలు. ఏదో కాలేజీ పిల్లలు కాబోలు.

"సెప్పు గవర్రాజన్నా. డముకు వ్యూపాయింటు దాటేసినాను. మంచు బాగా పట్టేసింది."

"నీ ముందు బండుందా?" అంది సువర్చల ఫోను మీదికి వంగి.

"జీపు ఉండేదమ్మా. దాన్నే పట్టుకుని దిగుతున్నాను. ఇప్పుడే... కనబడ్డం లేదు." గొంతు మారింది. "ఇదిగో మలుపొస్తంది. ఇక్కడ..."

"బస్సాపు! ఎడమకి తీసి ఆపు!" అని అరిచింది సువర్చల.

ఫోనులో పాటలాగిపోయాయి. "ఏదమ్మా ఎడమ?" అన్నాడు చిన్నంనాయుడు. పెద్దవాళ్ల ముందు పాఠం అప్పజెప్పలేని పిల్లవాడి గొంతు అది.

కాత్యాయని చెల్లెలిని పక్కకు తోసి ఫోను చేతిలోకి తీసుకుంది.

"నాయనా, నేను కాత్యాయనిని. కుడీ ఎడమా మర్చిపో. ముందు గేరు తగ్గించు. తగ్గించావా? ఇప్పుడు చూడు. బండరాయి ఎక్కడ కనబడుతోంది? చెట్ల వేళ్లు, రాయి, నీళ్లు కారుతూ ఉంటాయి. కనబడ్డాయా?"

"కనబడ్డాయమ్మా."

"ఆ రాతివైపుకి జరుపు. ఖాళీగా తెల్లగా ఉన్నవైపు అసలు చూడకు. రాతిని చూడు. బస్సు ఒళ్లు రాసుకున్నా ఫర్వాలేదు. రాసుకోనీ."

ఫోనులోంచి రేకు రాతిని గీరుకుంటున్న చప్పుడు వచ్చింది. పిల్లలెవరో కేకపెట్టారు. తర్వాత పెద్ద నిట్టూర్పులా బ్రేకుల గాలి బయటికి పోయిన చప్పుడు. గదిలో పదకొండుమంది డ్రైవర్లూ లేచి నిలబడి ఉన్నారు.

"ఆగిందమ్మా," అన్నాడు చిన్నంనాయుడు. అతను ఏడుస్తున్నాడని అందరికీ తెలుస్తూనే ఉంది. "అందరూ బాగానే ఉన్నారు. మరిప్పుడు ఎటు తిప్పమంటారు?"

"ఎటూ తిప్పకు నాయనా. పిల్లల్ని దింపి రాతి పక్కనే నిలబెట్టు. తాళం తీసి నీ జేబులో పెట్టుకో. మేం వస్తున్నాం."

కాత్యాయని ఫోను బల్లమీద పెట్టింది. ఒక్కొక్కరే వచ్చి, మాట్లాడకుండా, బస్సుల తాళాలు దాని పక్కన పెట్టారు. సువర్చల తలుపు దగ్గరకు నడిచి, అక్క రావడం లేదని వెనక్కి తిరిగి చూసింది. ఆ గదికి ఎదురెదురు గోడలకు ఒకేలాంటి రెండు తలుపులున్నాయి. కాత్యాయని మధ్యలో నిలబడి, తాము లోపలికి వచ్చింది ఏ తలుపులోంచో తెలియక, చెల్లెలి కోసం చెయ్యి చాచింది.